కెటిలూ, అల్లుడుగారి ఉద్యోగమూ

జాతీయ వినియోగదారుల రక్షణ సంస్థలో ఆయన ప్రచారాధికారి. "నోరు విప్పండి, నిలదీయండి" అని దేశమంతా గోడలకెక్కిన నినాదం ఆయన రాసిందే. ఇంట్లో మాత్రం ఆ రెండు పనులూ అత్తగారే చూసుకునేది.

ఒకరోజు పొద్దున్నే ఆవిడ వంటింట్లోంచి కెవ్వుమంది. కొత్త కరెంటు కెటిల్ పిడి పట్టుకోగానే షాక్ కొట్టి, చెయ్యి భుజం దాకా జివ్వుమంది. ఆయన పరుగున వెళ్లి ప్లగ్గు పీకి, ముందు అత్తగారి చెయ్యి చూశాడు, తర్వాత కెటిల్ అడుగున కంపెనీ పేరు చూశాడు. పేరు చూశాకే ఆయన మొహం పాలిపోయింది. తమ సంస్థ జరపబోయే వినియోగదారుల సభకి హాలూ, భోజనాలూ, ఆఖరికి నీళ్ల సీసాలూ ఇస్తున్నది ఆ కంపెనీయే.

"తడి చేత్తో ముట్టుకుని ఉంటారు అత్తయ్యగారూ," అని నసిగాడు.

"నీళ్లు కాచుకునే సామాను నాయనా. పొడిగా ఎట్లా వాడాలో మీ ఆఫీసువాళ్లే చెప్పాలి."

"అది చాలా పెద్ద కంపెనీ అండీ."

"షాకూ పెద్దదే."

భార్య కలగజేసుకుంది. "మీ ఆఫీసులోనే ఫిర్యాదు చెయ్యొచ్చుగా?"

"మా ఆఫీసులోనా? అక్కడ తేలేసరికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది!" అనేసి నాలుక కరుచుకున్నాడు.

అత్తగారు కెటిల్ని తుడిచి పక్కన పెట్టింది. ఆవిడ ఊరుకుందంటే ఏదో తలపెట్టిందని అర్థం. ఇన్నేళ్ల కాపురంలో ఆయనకి ఆ మాత్రం తెలిసుండాల్సింది.

సభ రోజు హాలు కిటకిటలాడింది. ప్రమాదకరమైన వస్తువేదీ తమ కళ్లుగప్పి అంగడికి చేరలేదని డైరెక్టరుగారు మైకు అదిరేలా చెప్పారు. పక్కనే కూర్చున్న కెటిల్ కంపెనీ మేనేజరు అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు. "ఏమన్నా ఉంటే నిర్భయంగా అడగండి," అని డైరెక్టరుగారు అనడం ఆలస్యం, అత్తగారు సంచీతో వేదికెక్కి కెటిల్ తీసి బల్ల మీద పెట్టింది. నీళ్లు పోసి, తనే ప్లగ్గు పెట్టింది.

"ఇది షాక్ కొడుతోంది బాబూ. మీలో ఎవరన్నా ఒక్కసారి పట్టుకుని చూడండి."

"మా సరుకు నూటికి నూరుపాళ్లు క్షేమం," అన్నాడు మేనేజరు, చేతులు కట్టుకుని. డైరెక్టరుగారు అతని వంక చూశారు. అతను డైరెక్టరుగారి వంక చూశాడు. ఆపైన ఇద్దరూ కలిసి ప్రచారాధికారి వంక చూశారు.

"మీరు పట్టుకోండి. జనానికి నమ్మకం కుదురుతుంది," అన్నారు డైరెక్టరుగారు.

ఆయన లేచాడు. ఉద్యోగం కళ్ల ముందు మెదిలింది. చెయ్యి చాపాడు.

"నువ్వొద్దు నాయనా!" అత్తగారు చప్పున అడ్డం వచ్చింది. ఆవిడ భయపడగా ఆయన చూడడం అదే మొదలు.

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "నేను ముట్టుకోనండీ. ఇది మా ఇంటిదే. షాక్ కొడుతుందని నాకు తెలుసు."

హాలంతా గొల్లుమంది. వెనకనించి ఒకావిడ "మా ఇంట్లోనూ కొట్టింది!" అని అరిచింది. ఇంకొకరు లేచారు, ఆ వెంటనే మరికొందరు. మేనేజరుకి అర్జంటుగా ఫోనొచ్చింది. ఫోను మాత్రం మోగలేదు.

పరీక్షలు జరిగాయి, కెటిళ్లు దుకాణాల్లోంచి మాయమయ్యాయి. అదంతా సంస్థ ముందే వేసుకున్న పథకమని డైరెక్టరుగారు పత్రికలవాళ్లకి చెప్పి దండలేయించుకున్నారు. ప్రచారాధికారిని సభామర్యాద మరిచాడని ఫిర్యాదుల విభాగానికి తోసేశారు. అంతకంటే పెద్ద శిక్ష ఆ ఆఫీసులో లేదు.

కొత్త సీట్లో కూర్చున్న రోజే ఒక దర్జీ పొగ కక్కే ఇస్త్రీపెట్టె పట్టుకొచ్చాడు. ఆయన కుర్చీ చూపించి, "కూర్చుని చెప్పండి, ఏం జరిగింది?" అన్నాడు.

దర్జీ కూర్చోలేదు. బయటికి వెళ్లి బోర్డు మళ్లీ చదువుకుని వచ్చాడు.