వీపు మీద చేతులు

పదమూడో నంబరు చొక్కా తిరగేసి దులిపితే ఎండిన బురద పెచ్చులు పెచ్చులుగా రాలింది. ముందూ వెనకా కప్పే నీలం ఏప్రన్ తొడుక్కున్న పెద్దకోడలు దాన్ని కుప్ప మీద పడేసి ఇంకొకటి అందుకుంది. బురద పచ్చిగా ఉండగా నీళ్ళు తగలకూడదు. ఒక రాత్రి ఆరనిచ్చి, బ్రష్షుతో దులిపాకే తడపాలి. రక్తం మరకకి చన్నీళ్ళు, గడ్డి మరకకి సబ్బు ముక్క. పంతొమ్మిదేళ్ళుగా ఆ ఫుట్‌బాల్ క్లబ్బు బట్టలు ఉతుకుతున్న మనిషికి ఇవేవీ ఆలోచించి చేసే పనులు కావు. చేతులు తమ పని తాము చేసుకుపోతుంటాయి, బుర్ర ఎక్కడెక్కడో తిరిగొస్తుంటుంది.

ఇవాళ బుర్ర ఒక్కచోటే తిరుగుతోంది. నాలుగింటి రైలుకి తోడికోడలు ఊరు విడిచి వెళ్ళిపోతోంది. మరిదికి వేరే ఊళ్ళో ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికింది, ఉండడానికి క్వార్టర్సు కూడా ఇచ్చారు. ఆమె వెళ్ళేలోగా ఒక మాట చెప్పాలి. ఏడు నెలలుగా గొంతులో అడ్డం పడి ఉన్న మాట అది. ఇప్పుడు టైము పది దాటింది.

ఆ లాండ్రీ గది గ్యాలరీ మెట్ల కింద, సగం నేలలోకి దిగి ఉంటుంది. రెండు మెషీన్లు, నాలుగు వరసల ఇనపతీగలు, ఒక మూల ఇస్త్రీ బల్ల, ఇంకో మూల కుట్టుమిషను. గోడకి ఎత్తున ఒక వెంటిలేటరుంది. అది సరిగ్గా మైదానం మట్టానికి ఉండటంతో అందులోంచి చూస్తే ఆటగాళ్ళు మోకాళ్ళ దాకానే కనిపిస్తారు. పెద్దకోడలు పంతొమ్మిదేళ్ళుగా ఆటంతా అలాగే చూసింది. గోల్ పడిందీ లేనిదీ ఆమెకు కాళ్ళు గంతులేయడాన్ని బట్టి తెలుస్తుంది.

పెద్దకోడలు, చిన్నకోడలు అన్నవి అత్తగారు పిలిచిన పిలుపులు. ఆ మహాతల్లి పోయి పదేళ్ళయినా వాచ్‌మన్ నుంచి మేనేజరు దాకా అందరికీ అవే పేర్లయిపోయాయి. ఆటగాళ్ళు మాత్రం పెద్దామెను అత్తా అంటారు, చిన్నామెను పిన్నీ అంటారు. ఇద్దరినీ గౌరవంగానే పిలుస్తారు. కానీ పిన్నీ అన్నప్పుడు వాళ్ళ గొంతులో ఒక గారం ఉంటుందని, అత్తా అన్నప్పుడు మాసిన బట్టల మూట కింద పడేసిన చప్పుడే ఉంటుందని పెద్దకోడలి ఫిర్యాదు. ఈ ఫిర్యాదు ఆమె ఎవరితోనూ చెప్పలేదు. చెప్పుకుంటే నలుగురూ నవ్విపోతారు, చెప్పుకోకపోతే కడుపు మండిపోతుంది.

నిజానికి చిన్నకోడలికి ఈ పని ఇప్పించింది తనే. మేనేజరు కాళ్ళావేళ్ళా పడి, చొక్కాల మీద నంబర్లు కుట్టడానికి మా చెల్లెలుందని చెప్పి మరీ తెచ్చి పెట్టింది. కొరివితో తల గోక్కోవడమంటే ఇదేనని ఏడాది తిరక్కుండానే తెలిసొచ్చింది. వచ్చినావిడ అందరికీ ముద్దయిపోయింది. ఏ ఆటగాడి తల్లికి మోకాలి నొప్పో, ఎవడు ఎవరిని ప్రేమిస్తున్నాడో అన్నీ ఆమెకు తెలుసు. జట్టు ఫోటో తీసేరోజు ఆమెను పిలిచి పక్కన నిలబెట్టుకున్నారు. ఆ సమయానికి పెద్దకోడలు మోచేతుల దాకా సబ్బు నురగలో ఉంది. ఇంట్లోనూ అదే తంతు. అత్తగారు పోతూ పోతూ బీరువా తాళాలు చిన్నకోడలి చేతిలో పెట్టింది. ఆఖరికి కన్నకూతురు కూడా తను మెచ్చిన అబ్బాయి సంగతి ముందు పిన్ని చెవిలో వేసి, తర్వాత అమ్మకి చెప్పింది. ఆ ఒక్క సంగతి మాత్రం పెద్దకోడలు ఈ జన్మకి మరిచిపోదు.

"పెద్దకోడలుగారూ, చూశారా పేపరు?" అంటూ వాచ్‌మన్ గుమ్మంలో నిలబడ్డాడు. ఆట ఉన్న మర్నాడు పేపరు చదివి వినిపించనిదే అతనికి పొద్దు పోదు. "ఒక్క పాయింటండీ. ఒక్కటంటే ఒక్కటి. మొదటి నాలుగు జట్లకే ప్లేఆఫ్స్, మనవాళ్ళు ఐదు."

"నిన్న మేమూ ఇక్కడే ఏడిచాం కదయ్యా," అంది చిన్నకోడలు కుట్టుమిషను దగ్గర్నుంచి.

"కారణాలు రాశారు వినండి. కోచ్ మనుషుల్ని నిలబెట్టిన తీరు తప్పట. రెఫరీకి కళ్ళు లేవట. అకాల వానలకి మైదానం మెత్తబడిందట. ఇంత మంచి ఆటగాళ్ళున్న జట్టు ఈ లీగులోనే లేదు, మరి ఎందుకిలా అయిందో దేవుడికే తెలియాలట." పేపరు మడిచి చంకలో పెట్టుకున్నాడు. "చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం, ఇంకేముంది!"

"ఎవరి కళ్ళు పడ్డాయో పాపం, పిల్లల మీద," అంది చిన్నకోడలు.

పెద్దకోడలు బ్రష్షు గట్టిగా రుద్దింది. దేవుడితో పాటు ఈ గదిలో ఇంకొకరికి తెలుసు.

ఆమెకది చొక్కాల వల్ల తెలిసింది. జట్టు చొక్కాలు తెల్లవి. గోల్ వేసినవాడిని మిగతావాళ్ళు వచ్చి వాటేసుకుంటారు, పడి లేచిన చేతుల బురదంతా వాడి వీపుకి అంటుకుంటుంది. ఈ సీజను మొదట్లో తొమ్మిదో నంబరు చొక్కా వెనక ఎప్పుడూ రెండు అరచేతుల ముద్రలు దట్టంగా ఉండేవి. కుడిచేతి ఉంగరం వేలికి కొస ముద్ర పడేది కాదు. అంటే అవి పదకొండో నంబరువాడివి. చిన్నప్పుడు తలుపు సందులో నలిగి వాడి వేలు వంగిపోయింది. ఎడమ పక్క నుంచి పదకొండోవాడు బంతి తెచ్చి పెట్టేవాడు, తొమ్మిదోవాడు గోల్ కొట్టేవాడు, ఇద్దరూ కావలించుకునేవారు. ఒకే వీధిలో ఆడుకుంటూ పెరిగి, ఒకే గదిలో ఉండేవాళ్ళు. జట్టు మూడు పువ్వులు ఆరు కాయలుగా ఉండేది. ఆ చేతుల ముద్రలు వదలగొట్టలేక పెద్దకోడలు విసుక్కునేది.

వానాకాలం మధ్యలో ఒకరోజు తొమ్మిదోవాడు కుర్చీ ఒకటి నెత్తిన పెట్టుకుని మెట్లు దిగొచ్చాడు. వీపుకి మెత్త, చేతులకి దన్ను ఉన్న మంచి కుర్చీ. కుట్టుమిషను ముందు దించి, "పిన్నీ, ఇందులో కూర్చో. నీ నడుం పడిపోతే నా నంబరెవరు కుడతారు?" అన్నాడు. మెషీను పక్కన నిలబడి ఉన్న పెద్దకోడల్ని చూసి, "బాగున్నావా అత్తా?" అని వెళ్ళిపోయాడు. వాడి చొక్కా అప్పుడామె చేతిలోనే ఉంది.

"అక్కా, నువ్వు కూర్చో. పొద్దుట్నించీ నిలబడే ఉన్నావు," అంది చిన్నకోడలు.

"నాది కూర్చునే పనా? కూర్చునేవాళ్ళు కూర్చోండి," అంది పెద్దకోడలు.

చేతిలోని చొక్కాని విసురుగా దులిపి తీగ మీద వేసింది. చిన్నకోడలు దారాలు తేవడానికి బజారుకెళ్ళింది. అప్పుడే పదకొండోవాడు వచ్చాడు.

"అత్తా, నా చొక్కా ఆరిందా? వాడిది కూడా ఇచ్చెయ్, తీసుకెళ్తా," అన్నాడు.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. పెద్దకోడలి నోరు జారలేదు. ఆమె తెలిసే అంది. "వాడి బట్టలు కూడా నువ్వే మోస్తున్నావా నాయనా? బంతి తెచ్చిపెట్టేది నువ్వు, పేరు వాడిది. గేటు దగ్గర పిల్లాజెల్లా అంతా వాడి చొక్కా కావాలనే వాళ్ళే. నీ చొక్కా ఒక్కరడిగితే ఒట్టు."

వాడు నవ్వాడు. నవ్వి, కాసేపు తీగ వైపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత తన చొక్కా ఒక్కటీ తీసుకుని మెట్లెక్కాడు. తొమ్మిదో నంబరు చొక్కా తీగ మీదే ఉండిపోయింది.

ఆ క్షణంలో ఆమెకు ఎంత హాయిగా అనిపించిందో చెబితే సిగ్గుచేటు. తనలాంటి మనిషి లోకంలో ఇంకొకడున్నాడని తెలిస్తే కలిగే హాయి అది.

ఒక్క మాటకే జట్టు పాడైపోతుందా అంటే, పాడవదు. ఆ మంట వాడి కడుపులో ముందే రాజుకుని ఉండాలి, ఈవిడ పోసింది కాస్త ఆజ్యమే. కానీ ఆ మరుసటి ఆట నుంచి తొమ్మిదో నంబరు వీపు మీద ఆ ముద్రలు లేవు. వేరేవాళ్ళవి ఒకటీ అరా ఉండేవి, ఉంగరం వేలి కొస అంటని చెయ్యి మాత్రం ఒక్కసారి కూడా పడలేదు. నెల తిరిగేసరికి ఇద్దరూ వేరు వేరు గదుల్లోకి మారిపోయారు. బంతి ఎడమ పక్కకి వెళ్ళిందంటే అక్కడే ఉండిపోయేది. గెలవాల్సినవి డ్రా అయ్యాయి, డ్రా కావాల్సినవి ఓడిపోయారు. పెద్దకోడలు మాత్రం ప్రతి వారం ఆ తెల్లటి వీపు చూసి, ఉతికి, ఆరేసి, నోరు మూసుకుంది.

నిన్న ఆఖరి ఆటలో ఆఖరి నిమిషంలో వెంటిలేటరులోంచి రెండు జతల బూట్లు కనిపించాయి. బంతి పదకొండోవాడి కాలి దగ్గరుంది. పక్కనే తొమ్మిదోవాడి బూట్లు, చుట్టూ ఎవరూ లేకుండా ఎదురు చూస్తున్నాయి. కాస్త పక్కకి తోస్తే చాలు. పదకొండోవాడు తోయలేదు, తనే తన్నాడు. గ్యాలరీ మొత్తం అయ్యో అంది. ఆ తర్వాత ఆ రెండు జతల బూట్లూ దూరదూరంగా చాలాసేపు కదలకుండా నిలబడ్డాయి.

మధ్యాహ్నం రెండింటికి పదకొండోవాడే వచ్చాడు, క్లబ్బు సామాను తిరిగి అప్పజెప్పడానికి. వేరే జట్టుకి పోతున్నాడట. మేజోళ్ళు, నిక్కర్లు బల్ల మీద పెట్టాడు. మిషను దగ్గర చిన్నకోడలు లేదు, పై అంతస్తులో అందరికీ వెళ్ళొస్తానని చెప్పడానికి వెళ్ళింది.

"వాడు వచ్చి వెళ్ళాడా అత్తా?"

"పొద్దున్నే వెళ్ళాడు."

"నా గురించి ఏమన్నా అడిగాడా?"

అబద్ధం చెబుదామా అని ఒక్క క్షణం అనుకుంది. "అడగలేదు నాయనా," అంది.

వాడు తలూపాడు. వంకర వేలితో బల్ల మీద గీతలు గీస్తూ, "నువ్వు అప్పుడన్న మాట నిజమేలే అత్తా," అన్నాడు. "నా చొక్కా ఎవరూ అడగలేదు."

"ఒరేయ్, అది..." అని గబగబా రెండడుగులు వేసింది. ఆ రోజు ఒళ్ళు మండి అన్నాను, నీ మీద ప్రేమతో కాదు, ఇంకొకరి మీద ఏడుపుతో అన్నాను అని చెప్పాలనుకుంది. అంత మాట ఇరవై రెండేళ్ళ కుర్రాడితో ఎలా చెప్పడం? మెషీను బీప్‌మంది. వాడు "వస్తా" అని మెట్లెక్కేశాడు. ఆమె మెషీను తలుపు తీసి తడి చొక్కాలు బయటికి లాగింది. తొమ్మిది, పదకొండు ఒకదాని చేతులొకటి మెలేసుకుని వచ్చాయి. మెషీన్లో ఎవరి బట్టలైనా అలాగే వస్తాయి.

ఇక మిగిలింది చిన్నకోడలు. ఆమెకన్నా చెప్పాలి. అసలు చెప్పాల్సింది ఆమెకే.

చిన్నకోడలు మూడింటికి తిరిగొచ్చి మళ్ళీ పనిలో కూర్చుంది. రైలుకి గంట ఉందనగా కూడా ఆ మనిషి వచ్చే సీజనుకని తెచ్చిన ఎర్ర చొక్కాలకి నంబర్లు ఎక్కడ రావాలో సుద్దతో గుర్తులు పెడుతోంది. తన తర్వాత వచ్చేవాళ్ళు తికమక పడకూడదట. దర్జీ సుద్ద అరిగి అరిగి చేతులు రెండూ తెల్లబడ్డాయి.

"వదిలెయ్యవే, నేను చూసుకుంటాలే," అంది పెద్దకోడలు.

"నీకు కళ్ళజోడున్నా ఆనదు గదక్కా," అని నవ్వింది చిన్నకోడలు. అందులో వెక్కిరింపు లేదు. లేకపోవడమే పెద్దకోడలికి ఎప్పుడూ మింగుడుపడేది కాదు. ఎదుటి మనిషిలో ఒక్క తప్పు దొరికితే సగం మంట చల్లారేది.

మూడున్నరకి మరిది ఆటో తెచ్చి గేటు దగ్గర హారన్ కొట్టాడు. చిన్నకోడలు లేచి సంచీ సర్దుకుంది. కుర్చీని ఒకసారి తడిమి, "ఇది నీకే అక్కా. వాడు తెచ్చిన రోజే కూర్చోమన్నాను. ఇప్పుడన్నా కూర్చో," అంది.

"ఏమే," అంది పెద్దకోడలు.

"ఏంటక్కా?"

మాట నాలుక చివరికొచ్చింది. ఇన్నేళ్ళ మంట, బీరువా తాళాలు, కూతురు, ఫోటో, కుర్చీ, ఆ కుర్రాడి నవ్వు, అన్నీ కలిసి ఒక్కసారే బయటికి రాబోయి గుమ్మంలో జనం ఇరుక్కున్నట్టు ఇరుక్కుపోయాయి.

"సూదుల డబ్బా మర్చిపోయావు," అంది.

"నీకే ఉంచేశానక్కా." చిన్నకోడలు దగ్గరికొచ్చి ఆమెను గట్టిగా కావలించుకుంది. "నువ్వు పెట్టించిన పనక్కా ఇది. ఇన్నేళ్ళూ నీ నీడనే బతికాను," అంది. పెద్దకోడలు చేతులు కిందికి వేలాడేసుకుని బిగుసుకుపోయి నిలబడింది. చేతులు తడిగా ఉన్నాయి, అందుకని తిరిగి పట్టుకోలేదు. కనీసం తనకు తాను అలా చెప్పుకుంది. మళ్ళీ హారన్ మోగింది. చెప్పుల చప్పుడు మెట్ల మీదుగా పైకి వెళ్ళింది. చీర కుచ్చిళ్ళు వెంటిలేటరు ముందు ఒక్క క్షణం కనిపించి, గేటు వైపు సాగిపోయాయి.

పెద్దకోడలు మిగిలిన చొక్కాలు ఆరేసింది. నేల కడిగింది. ఆఖరి విడత ఉతుకులో ఏప్రన్ కూడా పడేద్దామని ముడి విప్పి, తల మీదుగా తీసి, మెషీను తలుపు తెరిచింది. అలా చేతిలో పట్టుకున్న ఏప్రన్ వెనక భాగం వెలుతురులో పడింది. ముదురు నీలం గుడ్డ మీద, వీపు మధ్యలో, తెల్లగా రెండు అరచేతులు.

ఆమె చాలాసేపు చూసింది. మెషీను తలుపు మళ్ళీ మూసేసింది.

"చెప్పలేకపోయానే," అంది ఖాళీ గదిలో, పైకే. కళ్ళు తుడుచుకోబోయి, చేతికి సబ్బుందని గుర్తొచ్చి మోచేత్తో తుడుచుకుంది.

ఏప్రన్‌ను కుర్చీ వీపుకి తొడిగింది. కుర్చీలో మాత్రం కూర్చోలేదు. లైటు తీసి, తాళం వేసి, మెట్లెక్కి వెళ్ళిపోయింది.

వెంటిలేటరులోంచి మైదానం మీది సాయంత్రపు ఎండ గదిలోకి వాలి కుర్చీ మీద పడింది. దాని వీపున రెండు సుద్ద చేతులు, పది వేళ్ళూ కొసల దాకా.