విమానం తలుపు దాకా బండి

కారు డిక్కీలోంచి పిల్లల బండి దించడం కసూబా పని. దాన్ని విప్పడం, పాప ముతాలేని కూర్చోబెట్టి పట్టీలు వేయడం కూడా ఆమె పనే. కొన్నది మాత్రం ఆమె భర్త చిలేషే. కొన్నప్పటి నుంచి ఆ మాట ఎత్తని రోజు లేదు.

"బండి కొనిచ్చాను కదా, ఇంకేం కావాలి? బజార్లో ఆ కుట్టు కొట్టు మూసెయ్. బిడ్డను చితెంగే గుడ్డతో వీపుకి కట్టుకుని మిషన్ తొక్కుతుంటే మా ఆఫీసువాళ్లు చూడరా? అయినా చంటిపిల్ల తల్లికి చేతులెక్కడ ఖాళీ ఉంటాయి?"

అత్తగారు ఇంకో అడుగు ముందుకేసింది. "రాణీయోగం నీది! మా నడుములు విరిగాయి, నీకు చక్రాలొచ్చాయి." ఆ చక్రాలను రోజూ మూడో అంతస్తుకి మోసేదెవరో ఆవిడ అడగలేదు, కసూబా చెప్పలేదు. కొట్టు సంగతీ ఔననలేదు, కాదనలేదు. జోహానెస్‌బర్గ్‌లో చుట్టాల పెళ్లి చూసి లుసాకా తిరిగి రాగానే కొట్టు తాళంచెవి ఆడపడుచుకి ఇచ్చేయాలని ఇంట్లో వాళ్లే తేల్చేశారు.

విమానాశ్రయం కౌంటర్లో అమ్మాయి బండిని ఎగాదిగా చూసింది. "ఇది లోపల పట్టదమ్మా. ఇక్కడే సామాన్లలో వేసెయ్యండి. లేదంటే విమానం తలుపు దాకా తోసుకెళ్లి, మడిచి అప్పగించండి. దిగేటప్పుడు తలుపు దగ్గరే ఇస్తారు."

"తలుపు దాకా తీసుకెళ్తాం," అన్నాడు చిలేషే. నలుగురి కళ్లలో పడాలి మరి.

తీరా తలుపు దగ్గరికొచ్చేసరికి అతను లేడు. తన బ్యాగుకి పైన చోటు దొరకదేమోనని ముందే ఎక్కేశాడు. బండి మడవాలంటే రెండు చేతులూ కావాలి. చంకలో ముతాలే గుక్కపట్టి ఏడుస్తోంది.

"కాస్త పాపను పట్టుకుంటారా?" అని కసూబా అక్కడున్న ఉద్యోగిని అడిగింది.

"మేం ఎత్తుకోకూడదమ్మా, రూల్ ఒప్పుకోదు. త్వరగా కానివ్వండి."

"మీ ఆయనేడమ్మా?" అంది వెనకనున్న పెద్దావిడ.

"బ్యాగు మోస్తున్నాడు."

ఎవరో కిసుక్కుమన్నారు.

తేవద్దని చిలేషే మరీ మరీ చెప్పిన చితెంగే ఆమె సంచిలో అడుగునే ఉంది. అది లేకుండా గడప దాటడం ఏ తల్లికి చేతనవుతుంది? కసూబా నడుం వంచి, ముతాలేని వీపు మీదకు జార్చుకుని, గుడ్డ కప్పి ముందు ముడి బిగించింది. ఏడుపు ఆగిపోయింది. కాలితో మీట నొక్కి బండిని ఒక్క ఊపున మడిచి అప్పగించింది.

అప్పుడు చూసుకుంది చేతుల్ని. రెండూ ఖాళీయే. ఈ పెళ్లికని చిలేషే వేసుకున్న కొత్త చొక్కా కుట్టిందీ ఈ చేతులే కదా, అప్పుడు ముతాలే ఎక్కడుంది? వీపు మీదే ఉంది, అతను ఆఫీసులో ఉన్నాడు. నా చేతుల సంగతి అతను చెప్తే ఇన్నాళ్లూ నమ్మానే అనుకుంది. నవ్వొచ్చింది, వెంటనే ఒళ్లు మండింది.

"ఛీ, విప్పు! అందరూ చూస్తున్నారు," అన్నాడు చిలేషే సీట్లోంచి.

"విప్పుతాలెండి. ఇక్కడ ఒళ్లోనే కూర్చోబెట్టాలట."

దిగేటప్పుడు మళ్లీ కట్టుకుంది. తలుపు దగ్గర బండి సిద్ధంగా ఉంది.

"తోయవేం?" అన్నాడు చిలేషే.

"మీరే తోసుకురండి, ముతాలే నాన్నా. మీ బ్యాగు అందులో పెట్టుకోండి, భుజం నొప్పెడుతుంది."

బయట చుట్టాలు నాలుకలాడిస్తూ సంబరంగా కేకలేశారు. కసూబా రెండు చేతులూ ఊపింది. వెనక చిలేషే పిల్ల లేని బండి తోసుకుంటూ వస్తున్నాడు.

"లుసాకా వెళ్లగానే కొట్టు తెరుస్తున్నాను," అంది వెనక్కి తిరగకుండానే. "మీ చెల్లెలికి ఆ బండి ఇచ్చేయండి."