ఓజెల్లా పెద్దమ్మ ఇచ్చిన ఉమ్మి

గొప్పగా చెప్పుకుందామని నోరు తెరిచి రెనీటా తన కొంప తానే ముంచుకుంది.

అలబామాలో నల్లజాతివాళ్ల చిన్న కాలేజీ ఒకదానిలో ఆమె జీవశాస్త్రం చెబుతుంది. తనలాంటి టీచర్లకు క్యాన్సర్ జన్యువుల మీద పరిశోధన నేర్పుతామని పెద్ద యూనివర్సిటీ వాళ్లు పిలిస్తే ఏడాదిగా శిక్షణకు వెళ్లివస్తోంది. రొమ్ము క్యాన్సర్ తమ ఆడవాళ్లను అంత చిన్న వయసులో ఎందుకు పొట్టన పెట్టుకుంటోందన్నది ఆమె ప్రశ్న. తల్లిని అలాగే పోగొట్టుకుంది మరి. జన్యువుల్లో జవాబు వెతకడానికి సొంతూరి చర్చి ఆడవాళ్ల ఉమ్మి సీసాల్లో పట్టుకొచ్చింది. ఆ సీసాలుంటేనే పరిశోధన. లేదంటే మళ్లీ పిల్లలచేత కప్పలు కోయించుకుంటూ కూర్చోవాల్సిందే.

"ఒక్కరూ కాదనలేదా? మాకైతే సగం మంది తలుపే తీయరు," అంది శిక్షణ ఇచ్చే డాక్టర్ లిండ్‌క్విస్ట్, అందరి ముందూ.

"మా రెవరెండుగారు వేదిక మీంచి పిలిచారు కదండీ! మన పిల్ల డాక్టరై వచ్చింది, లేవండి తల్లీ అన్నారు. పాటెత్తుకున్నారు. చర్చి చర్చంతా లేచి వరస కట్టింది!"

మెచ్చుకుంటారనుకుంది. లిండ్‌క్విస్ట్ పెన్ను కింద పెట్టేసింది.

"పాస్టరు పిలిచాక, అందరూ చూస్తుండగా, ఎవరు కూర్చోగలరు రెనీటా? అది ఒప్పుకోవడం కాదు. ఒక్కొక్కరినీ విడిగా మళ్లీ అడగండి. వద్దన్నవాళ్లవి పారేద్దాం."

రెనీటాకు ఒళ్లు మండింది. తనవాళ్లు బాప్తిస్మానికి లేచింది ఆ పిలుపు మీదే, ఓటు హక్కు కోసం రోడ్డెక్కిందీ ఆ పిలుపు మీదే. మాకు లేవడం నేర్పడానికి వీళ్లెవరు అనుకుంది. అయినా గడప గడపా తిరిగింది.

"ఉమ్మేసింది మళ్లీ అడుగుతారటే? ఇదేం చదువే తల్లీ!" అని నవ్వి కొందరు పీచ్ పండ్లతో చేసే కాబ్లర్ అనే తీపి వంటకం పెట్టి పంపారు. ఒకావిడ మాత్రం లోపలికి రమ్మనలేదు. "నీ మొహం చూసి లేచానమ్మా. నాది తీసేయ్," అంది గుమ్మంలోంచే.

చివరికి లర్లీన్ ఇంటికి వెళ్లింది. లర్లీన్ ఓజెల్లా పెద్దమ్మ పెంపుడు కూతురు. తల్లి పోయాక రెనీటానూ ఆ పెద్దమ్మే పెంచింది. అదే జబ్బుతో మొన్న వసంతంలో పోయింది. రెవరెండుగారు పిలిచిన ఆదివారం తెల్ల టోపీ పెట్టుకుని వరసలో అందరికంటే ముందు నిలబడింది ఆవిడే.

"పెద్దమ్మనైతే అడగలేం కదా. ఊరికే చూసిపోదామని వచ్చానే," అంది రెనీటా.

లర్లీన్ ఆకుకూర తుంచుతూ తలెత్తలేదు. "ఇవ్వనని ముందురోజే అంది నాతో. పెళ్లయిన కొత్తలో కడుపునొప్పని ఆస్పత్రికెళ్తే, మాటైనా చెప్పకుండా గర్భసంచి తీసేశారటే. అందుకే నన్ను తెచ్చుకుంది. డాక్టర్లకి గోరు కూడా ఇవ్వనంది."

"మరెందుకు లేచింది?"

"నేనే కూర్చుంటే నా పిల్ల కోసం ఎవరు లేస్తారే, అంది. ఇంటికొచ్చి నోరు కడుక్కుంటూనే ఉంది."

రెనీటాకు ఏడుపు కూడా రాలేదు. తల కొట్టేసినట్టయింది.

కారెక్కగానే లిండ్‌క్విస్ట్ ఫోను చేసింది. గొంతులో సంతోషం దాగలేదు. "మంచి వార్త! పరిశోధనలకు అనుమతులిచ్చే కమిటీని అడిగాను. మళ్లీ అడగాలన్న నియమం చనిపోయినవాళ్లకు వర్తించదట. మీ పెద్దమ్మది ఉంచుకోవచ్చు. ఆ జబ్బుతోనే పోయారు కదా, మన దగ్గరున్నవాటిలో అన్నిటికంటే విలువైంది అదే!"

రెనీటాకు తెలుసు. అమ్మనూ పెద్దమ్మనూ తీసుకుపోయిందేదో ఆ సీసాలో ఉండొచ్చు. రేపు తనను తీసుకుపోయేదీ అదే కావచ్చు. భయమేసింది. ఉంచెయ్యమని నోటిదాకా వచ్చింది.

"పారేయండి," అంది.

"రెనీటా, ఆవిడ అనుమతి మనకు అక్కర్లేదు."

"తెలుసండీ. ఆవిడ బతికున్నప్పుడూ అక్కర్లేదనే అనుకున్నాం. ముందు ఒక ఆస్పత్రి వాళ్లు, తర్వాత నేను."