నత్త నడిచిన వంటగట్టు

అత్తగారికి తన భోజనశాల వంటగది మీద ఎంత ధీమా అంటే, అందులోకి ఈగ రావాలన్నా తనను అడిగే రావాలని ఆవిడ నమ్మకం. అలాంటి వంటగదిలోకి, అదీ తమ రోగులకు ఇక్కణ్ణుంచి భోజనం తెప్పించాలా వద్దా అని ఆసుపత్రి మేట్రన్ రుచి చూడ్డానికి వచ్చే రోజు పొద్దున్నే, ఓ నత్త చెప్పాపెట్టకుండా వచ్చేసింది.

వీపు మీద చిప్పయినా లేని నత్త. ముందురోజు సాయంత్రం పెరటి తోటలో కోసిన సలాడ్ ఆకుల బుట్టలోకి ఎక్కి ఉంటుంది. రాత్రంతా వంటగట్టు మీద ఈ చివరి నుంచి ఆ చివరికి షికారు చేసి, కుళాయి పక్కన సేద తీరుతోంది. అది నడిచిన దారంతా మెరిసే జిగురు చార.

అత్తగారు నత్తను కిటికీలోంచి విసిరేసింది. నీళ్ళు కాగేదాకా ఆగే ఓపిక లేదు, కళ్ళజోడు పెట్టుకోవాలన్న ఆలోచనా లేదు. ఏప్రన్ కొసతో గట్టు మధ్యలో, కటింగ్ బోర్డు మీద, కనపడినంత మేర తుడిచేసి, దాని మీదే దోసకాయలూ క్యారట్లూ తరగడం మొదలుపెట్టింది.

ఆవిడ గుండెల్లో గుబులు లేకపోలేదు. "ఇంకెన్నాళ్ళమ్మా ఈ పొయ్యి దగ్గర, హాయిగా గల్లాపెట్టె దగ్గర కూర్చో" అని కొడుకు ఏడాదిగా పోరుతున్నాడు. ఈ సంగతి బయటపడితే కోడలు కూడా అదే మాట అంటుంది. తను పెట్టిన భోజనశాలలో, తన వంటగదిలో, తనకే చోటు ఉండదు. అందుకని పెద్ద గిన్నెడు సలాడ్ తరిగేసి, ఏమీ ఎరగనట్టు కూర్చుంది.

కోడలు వచ్చింది. గట్టు వైపు చూసింది. మసాలా డబ్బాల పక్కన ఓ చార, కుళాయి పక్కన ఓ చార, మధ్యలో శుభ్రం.

"అత్తయ్యా, ఈ నత్త ఇక్కడిదాకా పాకింది, మళ్ళీ అక్కణ్ణుంచి పాకింది. మధ్యలో దీనికి రెక్కలొచ్చాయా?"

"ఏమో, నాకేం తెలుసు! నత్తలతో నాకేమైనా చుట్టరికమా?" అంది అత్తగారు, తేలు కుట్టిన దొంగలా.

కోడలు బోర్డు చూసింది, గిన్నె చూసింది, తడిసిన ఏప్రన్ కొస చూసింది. "ఆ ఏప్రన్ విడిచి వేరేది కట్టుకు రండి. చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోండి" అంది.

అత్తగారు తిరిగొచ్చేసరికి సలాడంతా మూత బిగించిన చెత్తబుట్టలో ఉంది.

"అయ్యో, కడిగితే పోయేదిగా!"

"ఆ జిగురులో కంటికి కనపడని పురుగులుండొచ్చు అత్తయ్యా. పచ్చివి ఎంత కడిగినా నాకు నమ్మకం కుదరదు. తినేది ఆపరేషనై మంచం మీదున్న మనుషులు."

ఆ తర్వాత కోడలు పని చేసిన తీరు చూసి తీరాలి. చేతికి తొడుగులు వేసుకుని, టిష్యూ కాగితాలతో జిగురు ఎత్తి సంచిలో వేసింది. సబ్బు కలిపిన వేడినీళ్ళతో గట్టంతా తోమి, కడిగి, అప్పుడు బ్లీచింగ్ నీళ్ళు పోసి, వాటి పని వాటిని చెయ్యనిచ్చి, మళ్ళీ కడిగి ఆరబెట్టింది. బీటలు పడ్డ చెక్క బోర్డును పారేసింది. కత్తి కడిగింది. కుళాయి పిడి తుడిచింది. ఉప్పు డబ్బా మూత, సొరుగు పిడి, పొయ్యి మీట అన్నీ తుడిచింది. పొద్దున్నుంచీ తన చెయ్యి ఎక్కడెక్కడ తిరిగిందో అత్తగారికే గుర్తులేదు, ఈ పిల్ల వెంట ఉండి చూసినట్టు ఒక్కటీ వదల్లేదే! ఇంత పనిమంతురాలిని ఇన్నాళ్ళూ ఒక్కసారైనా మెచ్చుకోలేదే అని సిగ్గేసింది.

మేట్రన్ వచ్చింది. సూప్ తాగింది, వేడి కూరలు బావున్నాయంది. "సలాడ్ ఏదీ?"

"పారేశాం మేడమ్. రాత్రి వంటగట్టు మీద నత్త పాకింది. పొయ్యి మీద వండినవి మాత్రం గట్టు శుభ్రం చేశాకే వండాం" అంది కోడలు.

మేట్రన్ చెంచా కింద పెట్టింది. "పొద్దున్నే వంటగది తెరిచేదెవరు? చూసుకోరా?"

"వంటగది మా ఇద్దరిదీ మేడమ్. తప్పూ ఇద్దరిదే."

అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ అని లోకం అననే అంటుంది. ఊరుకుంటే సరిపోయేది. కానీ అత్తగారికి ఆ 'ఇద్దరిదే' అన్న మాట ఒప్పుకోబుద్ధి కాలేదు.

"ఇద్దరిదీ కాదమ్మా, నాది. ఏప్రన్ కొసతో తుడిచేసి, దాని మీదే సలాడ్ తరిగాను. కోడలు అడిగితే తెలీదని అబద్ధమాడాను. తను చూడబట్టి సరిపోయింది."

మేట్రన్ సంచిలోంచి పుస్తకం తీసింది. "సోమవారం నుంచి పంపండి. వేడి వంటలే, పచ్చివి వద్దు. అయితే రోజూ పొద్దున్నే గట్టు చూసి, బావుంటేనే వంట మొదలుపెట్టించే మనిషి ఒకరుండాలి. ఎవరి పేరు రాసుకోను?"

ఇక గల్లాపెట్టే గతి అనుకుని అత్తగారు తల దించుకుంది.

"మా అత్తయ్య పేరు రాసుకోండి" అంది కోడలు.

"ఇప్పుడేగా ఆవిడ..."

"ఆవిడ నోరు విప్పకపోతే మీకు తెలిసేదా మేడమ్? తన తప్పు తనే చెప్పే మనిషి కన్నా ఈ పనికి నాకు ఇంకెవరు దొరుకుతారు?"

అత్తగారు గబగబా లోపలికి వెళ్ళి, కళ్ళజోడు పెట్టుకుని, గట్టు మరోసారి కడగడానికి నీళ్ళు కాచింది.