వెనక మడ్గార్డు జోలికి పోకు

కాదనడానికే వెళ్ళింది. అందులో దాపరికం ఏమీ లేదు. తండ్రి షెడ్డులో, తండ్రి ఎదురుగా నిలబడి, "ఈ బండి నాకొద్దు" అని ఒక్క మాట అనేసి రావాలని, ఉతికిన చొక్కా వేసుకుని మరీ బయల్దేరింది.

ఆమెది టింకరు పని. సొట్టపడ్డ, తుప్పుపట్టిన బండి రేకుల్ని సుత్తితో కొట్టి మళ్ళీ ఒక రూపానికి తెస్తుంది. తండ్రిదీ అదే పని. ఎడమచేత్తో సుత్తి పడతాడు కాబట్టి ఊరంతా ఆయన్ని పుర్రచేతి మేస్త్రి అంటుంది. పనంతా ఆయన దగ్గర చూసి నేర్చుకుంది. చూసి అని ఎందుకంటున్నానంటే, ఆయన నేర్పలేదు కాబట్టి. నేర్పింది కొడుక్కి. కూతురి చేతికి మాత్రం టార్చిలైటు ఇచ్చి, "అన్నయ్యకి వెలుగు పట్టు. ఆడపిల్లవి, సుత్తి ముట్టుకుంటే చేతులు కాయలు కాస్తాయి" అన్నాడు. ఏళ్ళ తరబడి పట్టింది. షెడ్డులో అందరూ ఆమెను టార్చి అనే పిలిచేవాళ్ళు. ఆ పేరు వింటే ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది. చివరికి బోర్డు మీద 'మేస్త్రి, కొడుకు' అని రాయించిన రోజున ఇంట్లోంచి బయటికొచ్చి, అదే రోడ్డు రెండో చివర సొంత షెడ్డు పెట్టుకుంది. అప్పట్నుంచీ తండ్రీకూతుళ్ళు ఉప్పూ నిప్పూ.

ఇక అన్న సంగతి. షెడ్డు వాడి చేతికొచ్చాక ఉన్న పేరు కాస్తా గంగలో కలిసింది. రేకుని సుత్తితో సాపు చెయ్యడం చేతకాక సొట్టల్లో లప్పం మెత్తి, పైన రంగు కొట్టి పంపేస్తున్నాడని నలుగురూ అనుకున్నారు. అనుకోవడం ఏమిటి, ఒక బండికి ఎండాకాలంలో ఆ లప్పం బెచ్చులు బెచ్చులుగా ఊడి రోడ్డు మీద పడింది. ఎవడు చేశాడిది అని బండివాడు గొంతు చించుకుంటే, అన్న తలవంచుకుని "నేనే" అన్నాడట. అంతే, ఆ రోజు నుంచి వాడి పేరే లప్పం అయిపోయింది. ఓసారి వాడు పనిమ్మని చెల్లెలి గుమ్మం దాకా వచ్చాడు. "నా షెడ్డులో లప్పానికి చోటు లేదు" అని తన పనివాళ్ళందరి ముందూ అనేసింది. వాడు కిక్కురుమనకుండా వెళ్ళిపోయాడు. మాట్లాడ్డానికి మొహం ఎక్కడిది అనుకుంది.

ఇప్పుడు గొడవకొచ్చిన బండి ఒక పళ్ళ డాక్టరుది. గుండ్రటి దీపాలూ ఉబ్బిన మడ్గార్డులూ ఉన్న పాతకాలపు బండి. ఏళ్ళుగా మేస్త్రి షెడ్డులో సగం పనితో పడి ఉంది. డాక్టరు విసిగి వేసారి ఈమె దగ్గరికొచ్చి, "మీరు తీసుకుంటే సరే, లేదంటే తుక్కుకి వేసేస్తాను" అన్నాడు. మేస్త్రి షెడ్డులో మిగిలిన ఆఖరి బండి అదే. తన పని తుక్కుబండిలోకి ఎక్కుతుంటే తండ్రి గుడ్లప్పగించి చూడాలి. అందుకే కాదనాలనుకుంది. మంచి కూతురనిపించుకోవాలన్న ముచ్చట ఆమెకు ఏ కోశానా లేదు.

డాక్టరు ముందు, ఆమె వెనక లోపలికి వెళ్ళారు. మేస్త్రి ఊడదీసిన సీటొకటి గోడకి ఆనించుకుని దాని మీద కూర్చున్నాడు. రెండు చేతులూ చంకల్లో పెట్టుకున్నాడు. లేవలేదు.

"వచ్చావా టార్చీ," అన్నాడు. "ప్రాణం పోయేదాకా ఆగలేక, ముందే పీక్కుతినడానికి వచ్చావన్నమాట."

"పీక్కుతినడానికి ఇక్కడ కండేదీ నాన్నా? అంతా తుప్పేగా."

మూలన అన్న పనిముట్లు తుడుస్తున్నాడు. తలెత్తలేదు. డాక్టరు ఇద్దరి మొహాలూ చూసి, "ముందు బండి చూద్దామా" అన్నాడు.

చూడకుండానే కాదనెయ్యొచ్చు. కానీ పనివాళ్ళ చెయ్యి ఊరుకోదు. కుడి తలుపు మీద వేలి కణుపుతో కొట్టింది. ఖంగుమని మోగింది. కళ్ళు మూసుకుని అరచెయ్యి ఈ చివర నుంచి ఆ చివరకి జరిపింది. ఎక్కడా ఎత్తు లేదు, పల్లం లేదు. ఎడమ తలుపూ అంతే. ముందు మడ్గార్డుల వంపు మీద చెయ్యి నీళ్ళ మీద జారినట్టు జారింది. ఇవి డాక్టరు బండి తెచ్చిన కొత్తలో తండ్రి చేసిన రేకులు. పాడు ముసలాడు, ఎంత పని చేశాడు అనుకుంది. ఆ తలుపుల్ని తుక్కులోకి పోనివ్వడం ఆమెవల్ల కాదు. కాదనడానికి వచ్చిన మనిషి మళ్ళీ మొదటి తలుపు దగ్గరికి వెళ్ళి చెయ్యి ఆనించింది.

అది ఆయన కనిపెట్టాడు. కనిపెట్టడా మరి, తండ్రి కదా. "చూసింది చాల్లే," అన్నాడు. "కావాలంటే తీసుకుపోయి మిగతాది చేసుకో. వెనక ఎడమ మడ్గార్డు మాత్రం అయిపోయింది. దాని జోలికి పోకు."

"ఎందుకు పోకూడదు?"

"అయిపోయిందన్నానా? అయిపోయినదాన్ని మళ్ళీ కెలకడం ఎందుకు?"

పోకు అన్న చోటికి పోవడం ఆమెకు పుట్టుకతో వచ్చిన బుద్ధి. జేబులోంచి గుడ్డ చుట్టిన అయస్కాంతం తీసి ఆ మడ్గార్డుకి ఆనించి వదిలింది. అంటుకోలేదు, జారి కింద పడింది. ఇంకో చోట పెట్టింది. అక్కడా అంతే.

డాక్టరు వంగి అయస్కాంతం తీసిచ్చాడు. "ఇదేంటి, అంటుకోదేం?"

"రేకయితే అంటుకునేది. ఇది లప్పం. పుచ్చు తియ్యకుండా పైన సిమెంటు పెట్టి పంపితే ఆ పన్ను ఏమవుతుందో మీకు నేను చెప్పాలా డాక్టరుగారూ? పైన పటారం, లోన లొటారం." తండ్రి వైపు తిరిగింది. "ఎవరు చేశారు నాన్నా ఇది?"

మేస్త్రి గోడ వైపు చూస్తూ, "ఎవరు చేస్తారు? వాడే," అన్నాడు.

"నేనే," అన్నాడు అన్న మూల నుంచి. "అయితే ఏంటి?"

డాక్టరుకి ఒళ్ళు మండిపోయింది. "నాకు ముందే చెప్పారు నీ గురించి. తెలిసి తెలిసి బుద్ధి తక్కువై బండి ఇక్కడే ఉంచాను. ఇలాంటి పాత బండ్లున్నవాళ్ళందరికీ చెప్తా చూడు. నీ చేతికి సైకిల్ మడ్గార్డు కూడా ఇవ్వొద్దని చెప్తా."

అన్న గుడ్డతో రెంచీ తుడుస్తూనే ఉన్నాడు. బాగా అయింది అనుకుంది ఆమె. లప్పం ఎంత మందాన ఉందో చూద్దామని టార్చి తీసింది. టార్చి పట్టడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. ఎదురుగా కొడితే ఏమీ కనిపించదు, రేకుకి సమంగా, పక్కనుంచి వెలుగు పారాలి. అలా పారించేసరికి పలచటి రంగు కింద ఉప్పుకాగితం రుద్దిన గీతలు సన్నగా లేచాయి.

గీతలన్నీ ఒకే వాలులో ఉన్నాయి. కుడిచేతి వాటం వాళ్ళు రుద్దితే గీత కుడివైపుకి ఎక్కుతుంది. ఆమె రుద్దినా అంతే, అన్న రుద్దినా అంతే. ఇవి ఎడమవైపుకి ఎక్కాయి.

ఈ షెడ్డులో ఎడమచేత్తో రుద్దేవాడు ఒక్కడే.

తలెత్తి తండ్రిని చూసింది. ఆయన చేతులు ఇంకా చంకల్లోనే ఉన్నాయి. ఎడమచేతిని ఆ చంక ఎంత నొక్కిపెట్టినా మోచెయ్యి వణుకుతోంది. వచ్చినప్పటి నుంచీ వణుకుతూనే ఉండి ఉంటుంది. ఆయన నోటి వైపు చూస్తూ తిట్లకి తిట్లు కూర్చుకుంటున్న ఆమె, ఇంతసేపూ ఆ చేతి వైపు చూడలేదు.

ఈ ఒక్క మడ్గార్డేనా? రోడ్డు మీద బెచ్చులూడిన ఆ బండి ఎవరి పని? ఆ తర్వాత వచ్చిన మాటలన్నీ ఎవరివి? చేతకానివాడని ఊరు ఊరంతా ఉమ్మేస్తే తుడుచుకుని నిలబడ్డవాడు, తన గుమ్మంలో కూడా అదే తుడుచుకుని వెళ్ళిపోయాడు. చోటు లేదు అన్న తన మాటే తనకి వినిపించి, సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"అన్నయ్యా," అంది. "దీన్ని ఏ చేత్తో రుద్దావు?"

అన్న మొదటిసారి తలెత్తాడు. కళ్ళల్లో నిప్పులున్నాయి. "నోరు ముయ్యి. బండి కావాలంటే తీసుకుపో, వద్దంటే నడు. అక్కర్లేనివి కెలక్కు."

"నువ్వు నోరు మూసుకోబట్టే ఇంతదాకా వచ్చింది."

"నా పేరు, నా ఇష్టం. పోగొట్టుకుంటే నేను పోగొట్టుకున్నాను. దానికి నీ దగ్గర చోటు లేదుగా, నీకెందుకు బాధ?"

ఆ దెబ్బ సూటిగా తగిలింది. తగలాల్సిందే. ఆమె నిలబడి ఆలోచించింది. మడ్గార్డు ముట్టుకోకుండా బండి తీసుకుంటే, ఏడాది తిరక్కుండా అది పగిలి తన షెడ్డు పేరు పోతుంది. గీకితే, ఎవరు చేశారన్న ప్రశ్న మళ్ళీ వస్తుంది, అన్న మళ్ళీ నేనే అంటాడు, డాక్టరు ఊరంతా చాటుతాడు. వద్దంటే ఆ తలుపులు తుక్కు. ఎటు తిరిగినా ఎవడో ఒకడు నలగాలి. ఇన్నేళ్ళూ నలిగినవాడే మళ్ళీ నలగాలా?

"నాన్నా, నువ్వు చెప్తావా, నేను చెప్పనా?"

"ఏం చెప్పాలి?" అన్నాడు డాక్టరు.

"బయటికి నడవ్వే," అన్నాడు మేస్త్రి.

"నడుస్తా. డాక్టరుగారిని కూడా తీసుకుని నడుస్తా. దారిలో తీరిగ్గా చెప్తా."

మేస్త్రి లేచాడు. చెంప పగలగొడతాడనుకుంది, కదలకుండా నిలబడింది. ఆయన ఆమెను దాటుకుని వెళ్ళి, కొడుకు ముందున్న పనిముట్లలోంచి గీకే బద్ద లాక్కున్నాడు. "నాన్నా, వద్దు" అని కొడుకు పట్టుకోబోతే మోచేత్తో తోసేశాడు. మడ్గార్డు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఎడమచేత్తో బద్ద ఆనించి గీకడం మొదలుపెట్టాడు.

చెయ్యి ఒక చోట నిలవట్లేదు. బద్ద జారిపోతోంది, మళ్ళీ ఆనిస్తున్నాడు. లప్పం పెళ్ళలుగా ఊడి మోకాళ్ళ మీద పడుతోంది. దాని కింద కుంగిపోయిన రేకు బయటపడింది, అది సుత్తి దెబ్బ తప్పి సొట్ట మీద సొట్టపడ్డ రేకు. డాక్టరు ఆ చేతి వంక చూశాడు, కొడుకు వంక చూశాడు, మళ్ళీ ఆ చేతి వంక చూశాడు. రోజూ అందరి నోళ్ళూ తెరిపించేవాడికి నోరు మూతపడింది.

"చూశారుగా," అంది ఆమె డాక్టరుతో. "బండి నేను తీసుకుంటున్నా. రేకు పని నేనూ, మా అన్నయ్యా చేస్తాం. మీవాళ్ళందరికీ చెప్తానన్నారు కదా, చెప్పండి. ఈసారి సరిగ్గా చెప్పండి."

డాక్టరు తలూపాడు. అన్న మాత్రం మొహం పక్కకి తిప్పుకుని, చేతిలోని గుడ్డతో ముక్కు తుడుచుకున్నాడు. దానికంతా గ్రీజే. మొహం నల్లగా అయింది, ఎవరూ నవ్వలేదు.

మేస్త్రి గీకడం ఆపాడు. ఆయాసపడుతున్నాడు. పక్కనున్న సుత్తి అందుకుని, వెనక్కి తిరక్కుండానే కసురుకున్నాడు. "దిష్టిబొమ్మలా నిలబడ్డావేంటే? ఇక్కడ చీకటిగా ఉంది. టార్చి పట్టు."

ఆమె చెయ్యి దానంతట అదే టార్చి వెలిగించేసింది. అంత అలవాటు. వెలిగించిన టార్చిని ఒక్క క్షణం చూసుకుని, తీసుకెళ్ళి అన్న చేతిలో పెట్టింది.

"టార్చి అన్నయ్య పడతాడు. సుత్తి ఇటివ్వు."

మేస్త్రి తిరిగి చూశాడు. కొడుకు అప్పటికే చెల్లెలి పక్కన వంగి, టార్చిని మడ్గార్డుకి సమంగా పట్టాడు. ముసలాయన సుత్తిని ఆమె వైపు తోశాడు.

"వంకర కొట్టావంటే చేతులు విరగ్గొడతా."

సుత్తి పిడి ఎడమచేతి వాటంగా అరిగిపోయి ఉంది, ఆమె కుడిచేతిలో కుదురుగా ఇమడలేదు. రేకు వెనక ఇనుపదిమ్మ ఆనించి, కుంగిన చోటు అంచున మొదటి దెబ్బ వేసింది. అది రవ్వంత పక్కకి పడింది.

"చూశావా," అన్నాడు మేస్త్రి.

"అడ్డం లే నాన్నా," అంటూ రెండో దెబ్బకి సుత్తి ఎత్తింది.