బెర్క్‌హోఫర్ల మొదటి పేజీ

అరవై పౌండ్ల బంగాళాదుంపలకి చెక్కు తీయాలి. ఏటా ఆగస్టులో బెర్క్‌హోఫర్ల కుటుంబ సమ్మేళనానికి సలాడ్ చేసే పని కోడళ్లదే. ఆ రక్తం పంచుకు పుట్టినవాళ్లకి తెల్ల బ్యాడ్జీ, పెళ్లయి వచ్చినవాళ్లకి పసుపుది. ముప్ఫై ఒక్కేళ్లుగా నాది పసుపే. ఊరూ పేరూ లేని కొంప నుంచి వచ్చి ఇంత వంశంలో పడ్డాను, నా అదృష్టమట. మా అత్త వెర్నా ఏటా గుర్తుచేస్తుంది. తన బ్యాడ్జీ కూడా పసుపేనన్న సంగతి ఆవిడకి పట్టదు.

నా భర్త మెర్విన్ వంశచరిత్ర రాశాడు. రాశాడంటే, పెన్సిల్వేనియా చర్చిల నేలమాళిగల్లో పదకొండేళ్లు కూర్చుని పాత జర్మన్ రాతని నేను కూడబలుక్కున్నాను, అతను తన పేరు వేసుకున్నాడు. ముందుమాటలో మాత్రం "టైపు చేసిపెట్టిన శ్రీమతి"కి కృతజ్ఞతలు చెప్పాడు. అది టైపు చేస్తుంటే ఒళ్లు మండిపోయింది.

మా జర్మన్‌వాళ్లలో, బాప్తిస్మమప్పుడు బిడ్డకి సాక్షిగా నిలబడే జ్ఞానతండ్రి పేరే బిడ్డకి పెట్టడం ఆనవాయితీ. 1756 నాటి బాప్తిస్మం రిజిస్టరులో పీటర్ అనే బిడ్డ పక్కన పీటర్ బెర్క్‌హోఫర్ అని ఉంటే, ఆయనే తండ్రి అనుకున్నాడు మెర్విన్. రెండొందల ఎకరాలు కొన్న మూలపురుషుడని ఊరంతా చెప్పుకున్నాడు. ఆయన జ్ఞానతండ్రి మాత్రమే. కన్నతల్లి అన్నా బార్బరా, ఓడ ఖర్చు కట్టలేక ఏడేళ్లపాటు ఆయనింట్లో చాకిరీకి కుదిరిన పిల్ల. తండ్రి ఎవరో దారినపోయే బండివాడని పాస్టరు రాసుకున్నాడు. పిల్లల్లేని పీటర్ ఆ బిడ్డని పెంచి తన ఇంటిపేరు ఇచ్చాడు.

మార్చిలో ఆ రిజిస్టరు నకలు మెర్విన్‌కి చూపించాను.

"పనిమనిషి గొడవ ఎవడిక్కావాలే? కొట్టెయ్. నీకు చెప్పింది టైపు చెయ్యమని" అన్నాడు.

నేను కొట్టెయ్యలేదు. నేను టైపు చేసింది అతను ఏనాడూ చదివి చూడడు. ఆ ధీమాతోనే ప్రెస్సుకి పంపాను.

భోజనాలకి ముందు వంశక్రమం పైకి చదవాలి. రెండొందలమంది ముందు మెర్విన్ గొంతు సవరించుకుని కొత్త పుస్తకం తెరిచాడు.

"మన వంశానికి మూలం అన్నా బార్బరా. ఆమె పనిమనిషి. బిడ్డ తండ్రి..."

అక్కడ ఆగిపోయాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు. జాలి పడదామని చూశాను, నాకు రాలేదు. ముప్ఫై ఒక్కేళ్ల తర్వాత కడుపు చల్లబడింది.

"ఆర్లీన్, ఏంటిది?" అన్నాడు. మైకులో అందరికీ వినపడింది.

సలాడ్ గరిటె పక్కనపెట్టి, అందరికీ వినపడేలా నేనూ అన్నాను.

"నువ్వు రాసిందేగా మెర్విన్. చదువు."