డైనింగ్ టేబుల్ మీది దీవి

వెనక కుర్చీల్లో ఉన్నవాళ్ళు కాస్త ముందుకు జరగండి. ప్రసాదం కప్పులు చేతిలోనే ఉండనివ్వండి, తింటూ వింటే దేవుడేమీ అనుకోడు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు గోడకి ఆనుకోండి. పిల్లలూ, మీరు ఇలా నా పక్కకి. ఇది మన నేపర్‌విల్‌లో జరిగిందే, ఈ గుడికి పది నిమిషాల డ్రైవ్.

జితేందర్ వాళ్ళ టౌన్‌హోమ్‌లో డైనింగ్ టేబుల్ మీద ఎవరూ భోంచేసేవారు కాదు. మన ఇళ్ళలో చాలావాటికి అదే గతి కదా. దాని మీద బ్యాంకు ఉత్తరాలు, కూపన్లు, ఆవకాయ సీసా. తినడం మాత్రం సోఫాలో, టీవీ ముందు. ఆయన వారంలో మూడు రోజులు పొద్దున్నే రైలెక్కి షికాగో ఆఫీస్‌కి వెళ్ళేవాడు, రెండు రోజులు ఇంటినుంచే పని. భార్య శ్రీవిద్య ఆసుపత్రి ల్యాబ్‌లో చేసేది. కూతురు అవని నాలుగో తరగతి.

ఆ జనవరిలో అవని క్లాసుకి ఒక ప్రాజెక్ట్ ఇచ్చారు. వేడి సముద్రాల్లో ఎక్కడో ఉన్న ఒక అగ్నిపర్వతపు దీవి. దాని భూగోళం, చరిత్ర, ఎకానమీ. మూడూ చూపించాలి, బొమ్మ చేసి తేవాలి.

అవని ఒక పెద్ద ప్లైవుడ్ చెక్క మీద పాత పేపర్లు, మైదా జిగురుతో దీవిని కట్టింది. మధ్యలో కొండ, చుట్టూ నీలం రంగు. మూడో రోజు పొద్దున కొండ నోట్లోంచి సన్నగా పొగ వచ్చింది. శ్రీవిద్య ఆవకాయ సీసా పక్కకి జరిపి ల్యాబ్‌కి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం నాలుగింటికి తూర్పు వాలు మీద వాన కురిసింది. మబ్బులన్నీ కొండకి తగిలి అక్కడే ఖాళీ అయిపోయేవి, పడమటి వైపు చుక్క పడేది కాదు. తూర్పున ఫెర్న్ మొక్కలు, పడమట ఎండుగడ్డి. నల్లరాయి పొడై, మన్నై, ఆ మన్ను ఏం వేసినా మొలిపించేది. సముద్రం పోటెత్తినప్పుడు చెక్క అంచు దాటి కార్పెట్ మీద కారేది. జితేందర్ పాత టవల్స్ చుట్టి పెట్టాడు.

"భూగోళం అయిపోయింది నాన్నా," అంది అవని.

చరిత్ర దానంతటదే మొదలైంది. మొదట చిన్న పడవల్లో చేపలవాళ్ళు వచ్చారు. తర్వాత జెండాల ఓడలు వచ్చాయి. అడవి కొట్టేశారు, చెరకు నాటారు. ఆఫ్రికా నుంచి గొలుసులేసి మనుషుల్ని తెచ్చారు. ఒక బుధవారం ఆ గొలుసులు తెగాయి, విడుదలైనవాళ్ళు చెరకు తోటల వంక మళ్ళీ చూడలేదు. దొరలకి వేరే చేతులు కావలసి వచ్చాయి. శనివారం మధ్యాహ్నం మన గోదావరి తీరంలోని కోరంగి రేవు నుంచి ఓడ వచ్చి ఆగింది. అది ఆగగానే అంతవరకూ పరుగెత్తిన కాలం కూడా మన గడియారాలతో కలిసి నడవడం మొదలుపెట్టింది.

ఓడలోంచి పదకొండు కుటుంబాలు దిగాయి. వాళ్ళ మాటలు వినబడగానే శ్రీవిద్య టీవీ సౌండ్ తగ్గించింది. "మనవాళ్ళేనండీ," అంది.

వాళ్ళలో నాగమల్లేశ్వరి అని ఒక ముసలావిడ. ఎత్తు బొటనవేలంత. ఒంటరిది, పదకొండో కుటుంబమంటే ఆవిడొక్కతే. కొండ మొదట్లో గుడిసె వేసుకుంది, వెనక నాలుగు మిరప మొక్కలు, గోంగూర, కంద. దీవంతా చెరకే, చెరకు తప్ప ఇంకో పంటకి దొర ఒప్పుకోడు. అందుకని పదకొండు ఇళ్ళకీ కూర ఆవిడ పెరట్లోంచే వెళ్ళేది. గుమ్మం పక్కన ఒక నల్లరాయికి పసుపు రాసి నిలబెట్టుకుంది. పూజారి లేడు, మంత్రం లేదు. ఆ రాయి ముందు ఆవిడ పొద్దున్నే కూర్చుని అమ్మవారితో మాట్లాడుతుంటే చూసినవాళ్ళకి ఇంకో గుడి అక్కర్లేదనిపించేదట.

అవనికి అవ్వ అంటే ప్రాణం. స్కూల్‌నుంచి రాగానే బ్యాగ్ పారేసి గడ్డం టేబుల్‌కి ఆనించి కూర్చునేది. ఒకరోజు జితేందర్ అక్కడే ల్యాప్‌టాప్ పెట్టుకుని పని చేస్తున్నాడు. అవ్వ అతన్ని పలకరించింది.

"నువ్వూ కూలికేనా నాయనా ఈ దేశం వచ్చింది?"

"గట్లనే అనుకో అవ్వా. సాఫ్ట్‌వేర్."

"కాగితం రాశావా?"

"రాసిన. మూడేండ్లకోసారి తిరగ రాస్తరు."

"మాకు అయిదేళ్ళు. నీ కాగితం నీ దగ్గరుంటుందా, దొర దగ్గరా?"

"లాయర్ దగ్గర."

అవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది. "ఈ లాయరెవరు? మా ఓడలో రాలేదే," అంది.

ఇంతలో స్కూల్‌లో అందరూ వచ్చి పిల్లల ప్రాజెక్టులు చూసే ఓపెన్ హౌస్ దగ్గరపడింది. టీచర్ ఈమెయిల్ పంపింది: ప్రాజెక్టుల్లో మంట, పొగ ఉండకూడదు. ఇంట్లో కూడా కొండ కాస్త గట్టిగా ఊపిరి వదిలితే చాలు, పోపు వేసినప్పటిలాగే స్మోక్ అలారం కుయ్యోమనేది. జితేందర్ హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళి పైపుల బీటలు పూడ్చే పుట్టీ తెచ్చాడు.

అవ్వ గుడిసె బయటికి వచ్చి చూసింది. "అదేంటి నాయనా?"

"కొండ నోరు మూస్తున్న అవ్వా. రెండు రోజులే. గురువారం అయిపోంగనే తీసేస్త."

"ఆ బూడిదే మా ఎరువు. అదే ఆగితే మొక్క లేవదు. లోపలి నిప్పు పైకి పోసుకుంటూ ఉంటేనే ఈ దీవి నీళ్ళమీద నిలబడుతుంది. మా దొరలు కూడా దాని జోలికి పోలేదు."

"రెండు రోజులకేం కాదవ్వా. నా మాట."

"నాన్నా, ప్రామిస్?" అంది అవని.

"ప్రామిస్ బిడ్డా."

గురువారం అవనికి నీలం రిబ్బన్ వచ్చింది. ఫస్ట్ ప్రైజ్. అందరూ దీవి చుట్టూ మూగారు. పక్కింటి శేషగిరి నడుం వంచి పడమటి తీరం చూశాడు. "బీచ్ ఫ్రంట్ ప్లాట్లేమైనా ఉన్నాయేమో కనుక్కో జితేందర్, తూర్పు ఫేసింగ్ అయితే నాకొకటి చెప్పు," అన్నాడు. నవ్వుకున్నారు. ఫొటోలు తీసుకున్నారు. దీవిని జాగ్రత్తగా కారెక్కించి తెచ్చి మళ్ళీ టేబుల్ మీద పెట్టారు.

శుక్రవారం అవని గుర్తు చేసింది. "నాన్నా, పుట్టీ."

"రేపు బిడ్డా. కాల్ ఉన్నది."

శనివారం శేషగిరి ఇంట్లో భోజనాలు. ఆదివారం ఒళ్ళు నొప్పులు. సోమవారం నుంచి ఆఫీస్‌లో కొత్త సాఫ్ట్‌వేర్ రిలీజ్. మంగళవారం అవని, "యూ ప్రామిస్డ్, నాన్నా. అవ్వ మిరపచెట్టు ఆకులన్నీ పడిపోయాయ్," అంది. జితేందర్ స్క్రీన్ మీంచి కళ్ళు తీయకుండానే, "ఈ వారం అయిపోనీ," అన్నాడు. అవని పెన్సిల్‌తో తనే గీకి చూసింది. పుట్టీ అప్పటికే రాయి అయిపోయింది. పెన్సిల్ విరిగింది.

అతను చెడ్డవాడు కాదండీ. చెడ్డవాడైతే ఈ కథ మనకెందుకు? మనలాంటివాడే. తీసేద్దామనే అనుకున్నాడు. ప్రతిరోజూ అనుకున్నాడు.

చెరకు పసుపుపచ్చగా మారింది. దొరలు లెక్క చూసుకుని, ఓడెక్కి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయారు. సముద్రం రోజుకి గోరంత పైకి వచ్చింది. నిజానికి సముద్రం రాలేదు, దీవే దిగుతోంది. శ్రీవిద్య రోజూ తడి టవల్స్ పిండుతూ, "ఏమండీ, ఒకసారి చూడండి," అనేది. "చూస్త," అనేవాడు.

రెండో శనివారం పొద్దున రిలీజ్ అయిపోయింది. జితేందర్ కాఫీ కప్పుతో టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడిపోయాడు. సగం దీవి లేదు. కుటుంబాలన్నీ బెల్లం వండే పెనాలు తోసుకుంటూ కొండ మొదటికి చేరాయి. నీళ్ళు అవ్వ గడపకి తగులుతున్నాయి.

అతను గరాజ్‌లోకి పరుగెత్తి డ్రిల్ తెచ్చాడు. పుట్టీకి ఆనించి నొక్కాడు. కొండంతా వణికింది. అవ్వ గుడిసె గోడ నిలువునా చీలింది, పిల్లలు ఏడ్చారు.

"ఆపు నాయనా," అంది అవ్వ. "ఇన్నాళ్ళు లోపల బిగబట్టుకుంది. ఇప్పుడు తెరిస్తే మిగిలినవాళ్ళని కూడా కాల్చేస్తుంది."

డ్రిల్ ఆగింది. అవని తండ్రి వంక చూడలేదు, కొండ వంకే చూస్తోంది.

"తప్పయింది అవ్వా," అన్నాడు జితేందర్. "కానీ ఆ వారం రిలీజ్ ఉండె, మా మేనేజర్..."

అవ్వ ఇంకేదో రావాల్సి ఉందన్నట్టు వింటూ నిలబడింది. నీళ్ళు గడప దాటాయి.

జితేందర్ డ్రిల్ కింద పెట్టాడు. తడి కార్పెట్ మీద మోకాళ్ళు ఆనించి, ముఖం ఆవిడ ముఖానికి సమంగా దించాడు.

"తప్పు నాదే అవ్వా."

అంతే అన్నాడు. ఇంకేదో నోటిదాకా వచ్చింది, మింగేశాడు.

అవ్వ తల ఊపింది. "సరే నాయనా. విన్నాను."

ఈలోగా శ్రీవిద్య కిటికీ దగ్గరున్న కరివేపాకు తొట్టిని ఈడ్చుకొచ్చి టేబుల్‌కి ఆనించింది. పది కుటుంబాలవాళ్ళు పెనాలెక్కి, చేతులతో తెడ్లేస్తూ, ఒకరొకరుగా తొట్టి అంచుకి చేరారు. పిల్లల్ని మొదట అందించారు. తర్వాత కంద దుంపలు.

అవని అరచెయ్యి చాపింది. "అవ్వా, ఎక్కు. ప్లీజ్."

"ఒకసారి ఓడెక్కాను తల్లీ. అప్పుడు కూడా ఎవరో ఇలాగే చెయ్యి అందించారు." ఆవిడ అవని వేలి చివర తడిమి వదిలేసింది. తర్వాత జితేందర్ వైపు తిరిగింది. "నాకు ఇది చాలు. వాళ్ళని మాత్రం మళ్ళీ కదపకు."

"కదపను."

ఆవిడ పసుపు రాయి పక్కన కూర్చుంది. కాళ్ళు ముడుచుకుని, కొంగు సర్దుకుని, పొద్దున్నే అమ్మవారితో మాట్లాడేటప్పుడు ఎలా కూర్చునేదో అలాగే. పెదాలు కదులుతున్నాయి. ఏమంటోందో అవనికి వినబడలేదు. నీళ్ళు నెమ్మదిగానే వచ్చాయి. ఆ తల్లి కంగారుపడలేదు, ఆ తల్లికి పైనున్న తల్లి ఎదురొచ్చి ఉంటుందని నేను నమ్ముతాను. మధ్యాహ్నానికి చెక్క మీద నీలం నీళ్ళు, నానిన పేపరు ముక్కలు, గుప్పెడు పుట్టీ మిగిలాయి.

ఆ సాయంత్రం శ్రీవిద్య చివరి టవల్స్ పిండి ఆరేసింది.

మార్చిలో జితేందర్‌కి ఫోన్ వచ్చింది. టెక్సాస్‌లో, కంపెనీ ఇర్వింగ్ ఆఫీస్‌లో టీమ్ లీడ్ ఉద్యోగం. వెంటనే రావాలి. వస్తే గ్రీన్ కార్డ్ ఫైల్ చేస్తామన్నారు. అయిదేళ్ళుగా ఆ ఒక్క మాట కోసం చూస్తున్నాడని మీకందరికీ తెలుసు. శ్రీవిద్య పెట్టెల లెక్క కూడా వేసేసింది. అప్పుడు జితేందర్ తొట్టి దగ్గరికి వెళ్ళి వంగి చూశాడు. కరివేపాకు మొదట్లో పది గుడిసెలు లేచాయి. కంద మొలకెత్తింది. ఎవరో ఆడమనిషి బయట చీర ఆరేసుకుంటోంది. వేళ్ళ మధ్య ఇళ్ళు కట్టుకున్నారు. తొట్టిని లేపి ట్రక్కులో వెయ్యి మైళ్ళు కుదిపితే ఒక్క గోడ నిలవదు.

మేనేజర్‌కి ఫోన్ చేశాడు. "నేను రాలేను. తొట్టిలో పది కుటుంబాలున్నయి. కదపనని మాటిచ్చిన."

"ఓకే, అర్థమైంది," అన్నాడు మేనేజర్. ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చారు.

జూన్‌లో షికాగోలో అతని పని కూడా పోయింది. పని పోయినవాళ్ళని ఈ దేశంలో ఉండనిచ్చే అరవై రోజుల గడువులో, యాభై రెండో రోజున, పక్క ఊరు అరోరాలో చిన్న కంపెనీ తీసుకుంది. జీతం తక్కువ. కాగితం మళ్ళీ మొదటినుంచి. శేషగిరి ఒకసారి మనసు ఆపుకోలేక, "ఇర్వింగ్ వెళ్ళుంటే ఈపాటికి..." అన్నాడు. జితేందర్ నవ్వాడు. అవని ఇప్పుడు ఏడో తరగతి. ఆ నీలం రిబ్బన్ ఎక్కడుందో ఆ ఇంట్లో ఎవరూ వెతకలేదు.

అతను ఇర్వింగ్ వదులుకున్నాడని మీరు మెచ్చుకోనక్కర్లేదు. అది అందరికీ రాదు, రావాలని నేను అడగను. ఇంకొకటి మాత్రం గుర్తుపెట్టుకోండి. ఒక మనిషి తడి కార్పెట్ మీద మోకాళ్ళేసుకుని, బొటనవేలంత ముసలావిడతో "తప్పు నాదే" అన్నాడు. అని, ఆగాడు. ఆలస్యంగా అన్నాడు, అంత ఆలస్యం మీరు చెయ్యకండి. మీ ఇంట్లోనే ఉంటారు, ఆ మాట వినాల్సినవాళ్ళు. ఇవాళ కారు దిగి లోపలికి వెళ్ళగానే, చెప్పులు విప్పకముందే, వాళ్ళ ముఖానికి సమంగా మీ ముఖం దించి ఆ రెండు మాటలూ అనండి. అని, ఆగండి.